మూపురం పక్కన ఏ సీసా?

సావోపాలోలో ఏదో ఒక షుర్రస్కరియా. నిప్పుల మీద కాల్చిన మాంసాన్ని చువ్వతో సహా బల్ల దగ్గరికి తెచ్చి, కళ్లముందే కోసి వడ్డించే బ్రెజిల్ తరహా స్టీక్‌హౌస్. వడ్డించే మనిషి ఒక చేత చువ్వ, మరో చేత కత్తితో వస్తాడు. కొవ్వు చారలు తేలిన ముద్దను చూపించి ‘కుపిం’ అంటాడు. పోర్చుగీసులో కుపిం అంటే చెదపురుగు. అది పెట్టే పుట్టలా వీపు మీద లేచి ఉంటుంది కాబట్టి ఎద్దు మూపురాన్నీ అదే పేరుతో పిలుస్తారు.

ఆ మూపురం పుట్టిల్లు ఎక్కడో తెలిస్తే నెల్లూరు మనిషి చేతిలోని ఫోర్కు గాల్లోనే ఆగుతుంది.

యూరప్ నుంచి బ్రెజిల్ చేరిన పశువులకు మూపురం లేదు. మూపురం ఉన్న జాతులు ప్రధానంగా మన దేశం నుంచి వెళ్లాయి. వాటిలో అగ్రతాంబూలం ఒంగోలు జాతిది. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి బహియా రాష్ట్రంలోని సాల్వడార్ రేవులో ఆగితే, అందులోని ఒంగోలు జత అక్కడే అమ్ముడైపోయింది. పదేళ్లకు, 1878లో, లెమ్‌గ్రూబర్ అనే రియో పశుపోషకుడు జర్మనీలోని హాంబర్గ్ జంతుశాల నుంచి మరో జతను కొన్నాడు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. విడిగా జిల్లా అయింది 1970 ఫిబ్రవరి 2న. అందుకే దొరల కాగితాల్లో అవి ‘నెల్లూరు పశువులు’. బ్రెజిల్‌వాళ్ల నోట ఆ పేరు నలిగి ‘నెలోరే’ అయింది. 1960ల మొదట్లో సముద్రం దాటి, ఫెర్నాండో ద నొరోన్యా దీవిలో క్వారంటైన్ గడిపి వెళ్లిన గిత్తల్లో అన్నిటికన్నా పేరు మోసింది ‘కర్వాడి’. అది ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే. ఇవాళ బ్రెజిల్ పశుసంపద 20 కోట్లకు పైమాట. మాంసానికి పెంచే వాటిలో అత్యధికం నెలోరే, లేదంటే నెలోరే రక్తం కలిసినవి. 2023లో వియాటినా-19 అనే నెలోరే ఆవులో మూడో వంతు వాటా అమ్మితే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. గిన్నిస్ పుస్తకానికెక్కింది.

ఇక్కడ సంక్రాంతికి పసుపు కుంకుమ పెట్టించుకునే ఎద్దు అక్కడ పళ్లెంలోకి చేరడం చాలామందికి మింగుడుపడని సంగతి. తినడం, మానడం ఎవరి ఇంటి ఆచారం వాళ్లది. ఈ కథనం ఆ తగవు తీర్చదు. చువ్వ కన్నా ముందే బల్ల మీదికి వచ్చే మరో వస్తువు సంగతి చూస్తుంది. తోలు అట్ట వేసిన వైన్ లిస్టు అది.

పళ్లెక్కడ చూడాల?

బ్రెజిల్ దాకా పోనక్కర్లేదు. 1979లో బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రెలో మొదలైన ‘ఫోగో డి షావ్’ అమెరికాలో తొలి హోటలు తెరిచింది 1997లో, డాలస్ శివారు ఆడిసన్‌లో. మరుసటి ఏడే ‘టెక్సస్ డి బ్రెజిల్’ కూడా అదే ఆడిసన్‌లో పుట్టింది. చుట్టూ ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో. అంటే తెలుగువాళ్ల పేటలు. ఆఫీసు విందైనా, ప్రమోషన్ పార్టీ అయినా ఎప్పుడో ఒకసారి మనవాళ్లు ఈ బల్లల ముందు కూర్చోక తప్పదు. ఇక్కడి మాంసం ఎక్కువగా ఆంగస్ లాంటి మూపురం లేని జాతులది. అలాగని టెక్సస్‌కు మన రక్తం కొత్తది కాదు. నెల్లూరు, గిర్ లాంటి భారత జాతులను కలిపి అమెరికన్లు తయారుచేసుకున్న జాతికి ‘బ్రాహ్మన్’ అని పేరు పెట్టారు. దాని పెంపకందారుల సంఘం 1924లోనే ఏర్పడింది.

అలాంటి బల్ల ఒకటి ఊహించుకుందాం. కొడుకు సాఫ్ట్‌వేర్, తండ్రి కావలి పక్క పల్లె నుంచి ఆర్నెల్ల వీసా మీద వచ్చిన రైతు. కొడుకు చేతిలోని లిస్టు ముప్పై పేజీలు.

“ఏంది అబ్బయా అది, పంచాంగం మాదిరి ఉండాది?”

“వైన్ లిస్టు నాన్నా.”

“అయితే దీంట్లో పళ్లెక్కడ చూడాల?”

కొడుకు నవ్వాడు గానీ తండ్రి అడిగింది అసలైన ప్రశ్న. సంతలో ఎద్దును కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. బండలాగుడు పోటీల్లో విభాగాలే రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఉంటాయి. వయసు తెలియకుండా బలం తూచడం కుదరదు. వైన్‌కు ఆ పళ్లు వింటేజ్, అంటే ద్రాక్ష కోసిన సంవత్సరం. మంచి లిస్టులో ప్రతి సీసాకీ నాలుగు వివరాలుంటాయి: తయారీదారు పేరు, ఊరు లేదా ప్రాంతం, ద్రాక్ష రకం, సంవత్సరం. ఉత్తినే ‘హౌస్ రెడ్’ అనో, ‘కాలిఫోర్నియా క్యాబర్నే’ (క్యాబర్నే ఒక ఎర్రద్రాక్ష రకం) అనో రాసి ఊరుకుంటే అది పళ్లు చూపించని బేరగాడి ఎద్దు. (కొన్ని షాంపేన్‌లకూ పోర్ట్‌లకూ సంవత్సరం ఉండదు. వేర్వేరు ఏళ్ల సరుకు కలిపి చేయడం అక్కడి పద్ధతి, మోసమేమీ కాదు.)

పేజీల సంఖ్యను చూసి దడుచుకోకూడదు, మురిసిపోకూడదు కూడా. ఫ్లోరిడా రాష్ట్రం టాంపాలో 1956 నుంచి నడుస్తున్న ‘బెర్న్స్ స్టీక్ హౌస్’ నిల్వల్లో 5 లక్షలకు పైగా సీసాలున్నాయి. అది లోకంలో ఒక్కటే. మామూలు స్టీక్‌హౌస్‌లో నలభై సీసాల లిస్టైనా, వాటిని ఎంచినవాడికి రుచి తెలిసి ఉంటే నాలుగు వందల సీసాల లిస్టు కన్నా మెరుగు. అది తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. పేజీ నిండా కాలిఫోర్నియాలోని నాపా లోయ క్యాబర్నేలే ఉన్నాయా, లేక మధ్యలో ఎవరూ అడగని ప్రాంతం ఒకటి కనబడుతోందా? ఉరుగ్వే దేశపు తనా ద్రాక్ష వైన్, దక్షిణ ఇటలీ ఎర్రవైన్, బ్రెజిల్ మెర్లో లాంటి సీసా ఒకటి కనబడితే, దాన్ని ఇష్టపడి పెట్టిన మనిషి లోపల ఉన్నాడన్నమాట. నాపా పేరున్న సీసా తనంతట తానే అమ్ముడుపోతుంది. పేరు లేని సీసాను ఎవరో ఒకరు బల్ల బల్లకూ తిరిగి చెప్పి అమ్మాలి.

గోడ మీది అవార్డు ఫ్రేముల సంగతి వేరు. 2008లో రాబిన్ గోల్డ్‌స్టీన్ అనే అమెరికన్ రచయిత ఒక చిలిపి పని చేశాడు. మిలాన్‌లో ‘ఓస్తెరియా లింత్రెపిదో’ అనే రెస్టారెంట్ ఉన్నట్టు కాగితాల మీద సృష్టించి, 250 డాలర్ల రుసుం కట్టి, ‘వైన్ స్పెక్టేటర్’ పత్రిక అవార్డుకు దరఖాస్తు పెట్టాడు. ప్రత్యేక వైన్ల జాబితాలో ఆ పత్రికే గతంలో ఛీకొట్టిన సీసాలు చేర్చాడు. అవార్డు వచ్చేసింది. లేని హోటలుకు, బాగాలేని సీసాలకు. అప్పటి నుంచి ఫ్రేము చూసి లిస్టును నమ్మే అలవాటు చాలామందికి పోయింది. ఇంకా పోనివాళ్లుంటే ఇప్పుడైనా మానుకోవాలి.

తువాలు కింద వేళ్లు

ధర దగ్గర అందరికీ చెమటలు పడతాయి. అన్నిటికన్నా చౌకది అడిగితే పిసినారి అనుకుంటారేమోనని రెండో చౌక సీసా మీద వేలు పెట్టడం లోకమంతటా ఉన్న అలవాటు. ఆ సంగతి హోటలువాడికీ తెలుసు కాబట్టి అక్కడే ఎక్కువ లాభం పెడతాడని ఒక పాత నమ్మకం. డేవిడ్ డి మేజా, విక్రమ్ పథానియా అనే ఆర్థికవేత్తలు దీన్ని లెక్క తీసి చూశారు. లండన్‌లోని 235 రెస్టారెంట్ల లిస్టులు, 6,335 వైన్లు. నమ్మకం నిలబడలేదు. రెండో చౌక సీసా మీద లాభశాతం మరీ ఎక్కువేం లేదు. ఎక్కువ పిండేది లిస్టు నడిమధ్యలో, ‘మరీ చౌకా కాదు, మరీ ఖరీదూ కాదు’ అని మనం సంతోషంగా ఎంచుకునే చోట.

అమెరికాలో సీసా దుకాణం ధరకు రెండు, మూడు రెట్లు హోటల్లో ఉండటం మామూలే. గ్లాసు లెక్క ఇంకా ముదురు. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 మిల్లీలీటర్ల గ్లాసులు అయిదు వస్తాయి. మొదటి గ్లాసుతోనే సీసా కొన్న డబ్బు రాబట్టాలన్నది ఆ వ్యాపారంలో పాత సూత్రం. అంటే బల్ల దగ్గర ముగ్గురు ఒకే వైన్ తాగేటట్టయితే సీసా చెప్పుకోవడమే నయం. గ్లాసే కావాలంటే “ఇది ఎప్పుడు తెరిచారు?” అని అడగడానికి మొహమాటపడకూడదు. మొన్న తెరిచిన ఎర్రవైన్ వాసన చచ్చి పులుపు తేలుతుంది. అడిగినందుకు మొహం చిట్లించే హోటలు అయితే, సోడా చెప్పుకుని సరిపెట్టుకోవచ్చు.

ఎదురుగా మామగారో, మేనేజరో ఉన్నప్పుడు “నలభై డాలర్ల లోపు చెప్పండి” అని పైకి అనడం ఇబ్బందే. దీనికి పశువుల సంతలో మన పెద్దలు ఎప్పుడో మార్గం కనిపెట్టారు. బేరగాళ్లు తువాలు కింద చేతులు కలిపి వేళ్లు పట్టుకుని ధర మాట్లాడుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి ఒక్క అంకె తెలియదు. వైన్ సలహాదారుతో, అంటే సొమెలియేతో, చేయాల్సింది అదే. లిస్టులో మనకు తగిన ధర మీద వేలు పెట్టి “ఇలాంటిదేదైనా కావాలి” అంటే చాలు. పేరు చూపిస్తున్నట్టే ఉంటుంది, చూపించింది అంకెను. పనితనం తెలిసిన సొమెలియే ఆ వేలు కదిలిన చోటుకు అటూ ఇటూ పది డాలర్లలోనే సీసా తెస్తాడు. వేలు పెట్టిన చోటుకు రెట్టింపు ధరవైపు లాగేవాడైతే ఆ హోటలును ఎలా లెక్కగట్టాలో సంత తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

వగరు, కొవ్వు, కారం

ఎర్రవైన్ నాలుకను పట్టేసే గుణాన్ని వర్ణించడానికి ఇంగ్లీషు పత్రికలు పేజీలు నింపుతాయి. తెలుగులో ఒక్క మాట చాలు: వగరు. పచ్చి వక్క, లేత కరక్కాయ, అరటిపువ్వు తెలిసిన నోటికి టానిన్ అంటే కొత్తగా నేర్చుకునేదేం లేదు. ఆ వగరు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని నోరు ఎండగడుతుంది. పక్కన కొవ్వు, మాంసం ఉంటే దాని పట్టు సడలుతుంది, వైన్ మెత్తబడుతుంది. స్టీక్ పక్కన ఎర్రవైన్ అన్న సంప్రదాయం పుట్టింది ఇక్కడే.

అయితే నెల్లూరు ఎద్దు దుక్కికి, బండికి పుట్టిన జీవి. కండలో సన్నటి కొవ్వు చారలు తక్కువ. ఉన్న కొవ్వు ఎక్కువగా చర్మం కింద పేరుకుంటుంది. పికాన్య అనే పిరుదుల మీది ముక్కకు ఒక అంచున తెల్లటి కొవ్వు పట్టీ ఉంటుంది. గట్టి వగరున్న కుర్ర క్యాబర్నే కొవ్వు తక్కువ ముక్కను నమిలి పారేస్తుంది. అలాంటి ముక్కకు నప్పేది మాల్బెక్ అనే ద్రాక్ష వైన్. పుట్టింది ఫ్రాన్స్‌లోని కాఒర్ ప్రాంతంలో. 1853లో మిషెల్ పూజె అనే వ్యవసాయ నిపుణుడితో అర్జెంటీనా చేరి, ఆండీస్ కొండల అంచున మెండోసాలో స్థిరపడింది. పండు రుచి ఎక్కువ, వగరు మెత్తన. కొండంత ధర పలికే నాపా సీసాలో సగానికే తేలిగ్గా దొరుకుతుంది. చిలీ వైపు చూస్తే కార్మెనేర్. దశాబ్దాలపాటు చిలీ రైతులు దాన్ని మెర్లో అనుకునే పండించారు. 1994లో బూర్సికో అనే ఫ్రెంచి నిపుణుడు తోటలో తీగను చూసి గుర్తుపట్టేదాకా దాని అసలు పేరు ఎవరికీ తెలియదు. కుపిం సంగతి వేరు. గంటలకొద్దీ నిప్పుల మీద మగ్గి కొవ్వు కరిగిన ముక్క అది. దాని పక్కన ఉరుగ్వే తనా లాంటి గట్టి వగరు నిలబడుతుంది.

బ్రెజిల్‌లోనే వైన్ ఉందని చాలామందికి తెలియదు. 1875 నుంచి వచ్చి దక్షిణాన సెర్రా గౌషా కొండల్లో స్థిరపడ్డ ఇటలీ రైతులు ద్రాక్ష నాటారు. అక్కడి ‘వాలి దోస్ విన్యెదోస్’ లోయ మెర్లోకు పేరుపొందింది. ఈశాన్యాన సావో ఫ్రాన్సిస్కో నది లోయలో, భూమధ్యరేఖకు 9 డిగ్రీల దూరంలో, ఒకే తీగ ఏడాదికి రెండు పంటలు ఇస్తుంది. నెల్లూరు ఉన్నది 14 డిగ్రీల మీద. వేడి నేలలో వైన్ పండదన్న మాట అంత గట్టిదేం కాదు. నెల్లూరు కన్నా కాస్త దక్షిణంగా కర్ణాటకలోని నందికొండల కింద గ్రోవర్ ద్రాక్షతోటలు ఉన్నాయి. ఫ్రాన్స్ నిపుణుడు మిషెల్ రోలాన్ అక్కడికీ సలహాదారుగా వచ్చాడు, బ్రెజిల్‌లోని మియోలో వైన్ కంపెనీకీ వెళ్లాడు.

వేడి మాట వచ్చింది కాబట్టి: ‘ఎర్రవైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలి’ అన్న సలహాలోని గది యూరప్ రాతి ఇల్లు, 16 నుంచి 18 డిగ్రీలు. రోహిణి కార్తెలో నెల్లూరు గదిలో ఆ సీసా కషాయమే. టెక్సస్ ఆగస్టు కూడా ఏం తక్కువ తినలేదు. సీసా ముట్టుకుంటే వెచ్చగా తగిలితే పది నిమిషాలు ఐసు బకెట్లో పెట్టమనడం తప్పు కాదు.

సీసా తెరిచి గ్లాసులో చుక్క పోసి నిలబడేది “నచ్చిందా?” అని అడగడానికని అనుకుంటారు. కాదు, “చెడిందా?” అని. బెరడు బిరడాలోని ఒక రసాయనం వల్ల కొన్ని సీసాలకు తడిసిన గోనెసంచి వాసన పడుతుంది. అది తగిలితే సీసా మార్చమనే హక్కుంది. తగలకపోతే తల ఊపడమే. గ్లాసును దీపానికెత్తి తిప్పుతూ ఉపన్యాసం చెప్పనక్కర్లేదు.

ఇక బీఫ్ ముట్టని బల్లలు, తెలుగువాళ్లలో అవే ఎక్కువ. వాళ్లకు కోడి, గొర్రె, సలాడ్ బల్ల, రొయ్యలు. ఆ రొయ్యల కాక్‌టెయిల్ దగ్గర కూడా నెల్లూరు తీరం దాక్కునే ఉంటుంది. అమెరికాకు రొయ్యలు ఎక్కువగా పంపే దేశం మనది, మన దేశంలో ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక నెల్లూరు గుంటలు చాలావరకు దానికే తిరిగాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి ఎక్కినప్పుడు ఈ ప్లేటు ధర నెల్లూరు చెరువుగట్టు మీదే ముందు తెలిసింది. రొయ్యలకు ఎర్రవైన్ వద్దు. పులుపు తేలిన తెల్లవైన్, సోవిన్యో బ్లాన్ లాంటిది సరిపోతుంది. మాంసం మీద కారం పొడి చల్లుకునే మనిషి అయితే (ఉంటారు, జేబులోంచి పొట్లం తీస్తారు) వగరు, ఆల్కహాలు రెండూ మంటను పెంచుతాయని గుర్తుంచుకోవాలి. అక్కడ కాస్త తీపి మిగిలిన రీస్లింగ్ తెల్లవైన్ నాలుకను కాపాడుతుంది.

దూబగుంట దారి

నెల్లూరు మాట ఎత్తి మందు లిస్టు గురించి రాస్తూ దూబగుంటను దాటిపోవడం కుదరదు. కలిగిరి మండలంలోని ఆ ఊళ్లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు, 1990ల మొదట్లో వాచకంలోని సీతమ్మ కథ చదివి, 1992లో సారా దుకాణం మూయించారు. వాళ్ల ముందు నిలిచిన రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లా దాటింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. బ్రెజిల్ స్టీక్‌హౌస్ లిస్టు మొదటి పేజీలో నిమ్మకాయ, పంచదార వేసుకుని నవ్వుతూ కూర్చునే కైపిరీన్యాలో ఉండేది చెరకు సారాయే. దానికి మొలాసిస్ నుంచి కాచిన మన సారా దూరపు చుట్టం. పేరు మార్చి గ్లాసు మార్చి వచ్చిన ఆ చుట్టాన్ని గుర్తుపట్టడానికి దూబగుంట ఆడవాళ్లకు లిస్టు అక్కర్లేదు.

మద్యం ఏ మోతాదులోనూ క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. తాగనని చెప్పేవాడికి స్టీక్‌హౌస్‌లో ఎవరూ లోటు చేయరు, చేస్తే తప్పు హోటలుది. ఇక మన ఊళ్లలో వైన్ లిస్టు అన్న వస్తువే అరుదు. 2024 అక్టోబరు 16న ఆంధ్రప్రదేశ్‌లో 3,396 ప్రైవేటు మద్యం దుకాణాలు మొదలయ్యాయి. ఇలాంటి దుకాణాల బోర్డుల మీద ‘వైన్స్’ అని పెద్ద అక్షరాలు, లోపల అమ్ముడుపోయేది బ్రాందీ, విస్కీ, బీరు. వైన్ అడిగితే దుకాణంవాడు ఒకసారి మనిషిని ఎగాదిగా చూసి, అటక మీద దుమ్ము పట్టిన తీపి పోర్ట్ సీసా దించుతాడు. విదేశీ వైన్ మీద దిగుమతి సుంకం ఏళ్ల తరబడి 150 శాతం ఉన్న దేశంలో ఇంతకన్నా ఆశించడం కూడా అన్యాయమే.

ఆడిసన్‌లో తండ్రీకొడుకుల బల్ల దగ్గర చివరికి మాల్బెక్ వచ్చింది. తండ్రి గ్లాసు ముట్టలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, “వగరు” అని ఒక్క మాటతో పక్కన పెట్టాడు. కొడుకు, వాళ్లతో వచ్చిన అతని స్నేహితుడు సగం సీసా తాగారు. మిగిలింది బిరడా బిగించి ఇంటికి ఇచ్చారు. టెక్సస్ చట్టం అందుకు ఒప్పుకుంటుంది. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ముందురోజు వండిన చేపల పులుసు, మామిడికాయ ముక్కలు బాగా ఊరి ఉన్నాయి. కొడుకు ఫ్రిజ్‌లోంచి సీసా తీశాడు. చింతపండు పులుపు, మిరప్పొడి తగిలిన నోట్లో ఆ వైన్ ఇనుప రేకులా మారింది.

“నిన్ననే చెప్పలా అబ్బయా,” అని తండ్రి మజ్జిగ చెంబు ఇటు జరిపాడు.